గంజి తాగిన కనకాంబరం

బొంబాయి దగ్గరి భివండిలో, శాంతి నగర్‌లో, ఆగయ్య ఎట్లాంటివాడని అడిగితే నిజాయితీపరుడని ఎవరూ చెప్పరు. "ఆగయ్యనా? పిచ్చి మాలోకం" అంటారు. ఆ ఊళ్ళో రెంటికీ పెద్ద తేడా లేదు లెండి. కార్ఖానాలో మిగతా పనివాళ్ళు మగ్గాలు తుడిచే చిందీ గుడ్డలు నడుముకు చుట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. యజమాని శేఠ్ కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆగయ్య మాత్రం ఇంటికొచ్చాక చొక్కాకు దారప్పోగు అంటుకుని కనబడితే దాన్ని జేబులో పెట్టుకుని, మర్నాడు కార్ఖానా చెత్తబుట్టలోనే పడేసేవాడు. ఇట్లాంటి మనిషి తన నలభయ్యో ఏట, పట్టపగలు, పొరుగువాళ్ళ ఇంటి వెనకకు పోయి దొంగతనం చేశాడు. ఎందుకు చేశాడో చెప్పాలంటే ముందు వాళ్ళ ఇంటి ముందరి కనకాంబరం సంగతి చెప్పాలి.

ఆగయ్యది సిరిసిల్ల దగ్గరి పల్లె. పెళ్ళైన ఏడాదే, పద్దెనిమిదేళ్ళ వయసులో, పెళ్ళాం యమునను వెంటబెట్టుకుని భివండి బస్సెక్కాడు. పుట్టింట్లో యమునవ్వ. ఇక్కడ రేషన్ కార్డు రాసిన గుమాస్తా యమునాబాయి అని రాశాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఆయన నాలుగు మగ్గాలు చూసేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఆయనకు ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ, ఏదైనా పన్నెండు గంటలు. ఒకరు లేచే వేళకు ఒకరు పడుకుంటూ ఇరవై రెండేళ్ళు గడిపారు. మధ్యలో ఎప్పుడు తీరిక దొరికిందో ఏమో, ఆర్తి అని ఒక కూతురు పుట్టింది, పెరిగింది, సిరిసిల్లకే కోడలై పోయింది.

యమునాబాయి ఏదీ అడిగే మనిషి కాదు. చీర అడగలేదు, సినిమా అడగలేదు. ఎప్పుడో ఒకసారి పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి రెండు కనకాంబరం కొమ్మలు తెచ్చుకుంది. వాళ్ళుండే చాల్‌లో ఎనిమిది గదులు ఒకే వరుస, ఎదురుగా కార్ఖానా గోడ, నడుమ ఇద్దరు మనుషులు పట్టేంత సందు. మట్టి అన్నదే లేదు. రంగుల డ్రమ్ము ఒకటి సగానికి కోయించి, కాశేలి వైపు పొలాల నుంచి గోనెసంచిలో మట్టి మోసుకొచ్చి, గేదెల తబేలాలో పేడ అడుక్కొచ్చి, కొమ్మలు గుచ్చింది. ఒకటి ఎండిపోయింది. రెండోది బతికి మోకాలెత్తు పొద అయింది. కనకాంబరానికి రోజంతా ఎండ పనికిరాదు. పొద్దుటి ఎండ కాస్త తగిలి, ఆపైన నీడ ఉంటే చాలు. ఆ నీడ కార్ఖానా గోడ ఇచ్చింది. లోపల మగ్గాలు ఆడుతున్నంతసేపూ ఆ గోడ అదురుతుంది, గోడ పక్కన డ్రమ్ములో ఆకులూ సన్నగా అదురుతుండేవి. అయినా ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగానే ఉండేది, కంకి వెంట కంకి పూసేది. పూలకు వాసన లేదు, రంగు మాత్రం ఎర్రటి నారింజ. కోసి దండ గుచ్చితే రెండు రోజులకు కూడా వాడవు. పూత అయిపోయిన కంకిని యమునాబాయి గోటితో తుంచేసేది. అట్లా తుంచకుంటే చెట్టు గింజల మీద పడి పూయడం మరిచిపోతుందని ఆమె లెక్క. శుక్రవారం మగ్గాలకు సెలవు. ఆ రోజు తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడిచేది. గాలిలో ఎగిరే దూదినూగు వారమంతా ఆకుల మీద పేరుకుంటుంది మరి. "మనకొచ్చినట్టె చెట్టుకు గూడ దగ్గొస్తది" అనేది.

ఆ చెట్టు వైపు ఆగయ్య ఇన్నేళ్ళలో సరిగ్గా చూసింది లేదు. చెడ్డవాడై కాదు. పాళీ దిగి వచ్చే మనిషికి కంటి ముందు అన్నం పళ్ళెం, చాప తప్ప ఇంకేమీ కనబడవు.

1997 వానాకాలంలో ఆర్తికి రెండో కాన్పు వచ్చింది. యమునాబాయి నలభై రోజులకని బయల్దేరింది. బస్సెక్కే ముందు ధామన్‌కర్ నాకా దగ్గర సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, మొగుడికి ఒకే ఒక్క మాట చెప్పింది.

"నా చెట్టుకు పొద్దుగాల్ల నీళ్ళు పొయ్యి. శుక్రారం ఆకులు తుడువు. అన్నం వండుకున్నా వండుకోకున్నా నీ ఇష్టం గని, చెట్టు జర చూడు."

"ఎందుకు చూడ, చూస్త" అన్నాడు ఆగయ్య. ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. ఆ సంగతి బస్సు కదిలాక ఆయనకు తట్టింది, అప్పుడు మనసు ఒక రకంగా అయింది.

మొదటి వారం బుద్ధిగా నీళ్ళు పోశాడు. రెండో వారానికి చాయ్ గ్లాసుతో డ్రమ్ము పక్కన కూర్చోవడం అలవాటైంది. ఇన్నేళ్ళు పెళ్ళాం తలలో చూసిన పూలు చెట్టు మీద ఎట్లా ఉంటాయో అప్పుడే చూశాడనాలి. ఇంకా బాగా చూసుకోవాలనిపించింది. ఆమె వచ్చేసరికి ఆమె ఉన్నప్పటికన్నా ఎక్కువ పూయించాలనే ఆశ పుట్టింది. ఊరికే ఉన్నవాడికి ఊహలెక్కువ. ఆయనకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. పల్లెలో చేమగ్గం ఉన్న రోజుల్లో వీధిలో పడుగు దారాలు సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవారు. మిగిలిన గంజిని నాన్న దొడ్లో చెట్ల మొదట్లో పోసేవాడు. చెట్లు విరగబూసేవి. నేతపని ఇళ్ళలో గంజి పారబోసే పాపానికి ఎవరూ ఒడిగట్టరు. చెట్టో, గేదెనో తాగాల్సిందే.

గంజి కావాలంటే భివండిలో కొదవా? పర్శరాములు ఉన్నాడు. యమునాబాయికి చిన్నమ్మ కొడుకు, వెనక సందులో సైజింగ్‌లో పని. సైజింగ్ అంటే మరేం లేదు, పడుగుకు గంజి పట్టించే కార్ఖానాయే. బావ బకెట్ పట్టుకొచ్చి గంజి అడిగితే పర్శరాములు ఆరా తీయకుండా నింపి ఇచ్చాడు.

పోసిన మూడో రోజు ఆకుల అంచులు మాడాయి. ఆకలి మీద ఉంది పాపం అనుకుని ఇంకో బకెట్ తెచ్చాడు. వారానికి పూలు రాలిపోయాయి. ఆగయ్య ఇంకాస్త గట్టిగా ప్రేమ చూపించాడు. పదో రోజుకు కాండం నల్లబడి, డ్రమ్ములోంచి పులిసిన కంపు మొదలైంది. అప్పుడు భయం పుట్టి పర్శరాముల్ని పిలుచుకొచ్చాడు.

పర్శరాములు వంగి చూశాడు, వాసన పట్టాడు, లేచి నుదురు కొట్టుకున్నాడు. "బావా! గంజి చెట్టుకు పోసినవా? బట్టలకు పెట్టుకుంటవ్ అనుకున్న గదనే!"

"మా నాయిన పోసేటోడు గద."

"మీ నాయిన పోసింది బియ్యం గంజి. మాదాంట్ల మైలుతుత్తం కలుస్తది. లేకుంటె ఈ వానల్ల బట్టకు బూజు పట్టదా? దాంట్ల పడ్డ పురుగే బతకది, చెట్టు బతుకుతదా?"

ఆగయ్య ఆ రోజు పాళీకి పోలేదు. డ్రమ్ములో మట్టంతా తీసి, వేళ్ళను నాలుగు నీళ్ళలో కడిగి, కొత్త మట్టి పోశాడు. కాండాన్ని గోటితో గీరి చూశాడు. లోపల పచ్చదనం లేదు, అంతా గోధుమరంగే. పైకొమ్మా అంతే, కిందికొమ్మా అంతే. ఆయన డ్రమ్ము పక్కనే కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడాల్సింది ఏముంది అందులో, ఒక్క పని అప్పజెబితే అదే చెడగొట్టుకున్నవాడు ఏడవక ఏం చేస్తాడు?

ఆదివారం ఎస్టీడీ బూత్‌కు యమునాబాయి ఫోన్ వచ్చింది. మనవరాలు పుట్టిందని చెప్పింది. ఆ తరవాత, "చెట్టెట్లున్నది?" అంది.

"బాగనె ఉన్నది."

"పూస్తున్నదా?"

"ఆఁ, పూస్తున్నది." ఫోన్ పెట్టేసి, పెళ్ళాంతో ఆడిన మొదటి అబద్ధం ఇదేనని లెక్క చూసుకుని, తిన్న అన్నం ఒంటబట్టక తిరిగాడు.

కాశేలి దారిలో ఎవరో మొక్కలమ్ముతారని విని అక్కడికీ పోయాడు. వాడు చూపించిన కనకాంబరం పసుపుపచ్చ. తనది ఎర్రటి నారింజ. ఒకటి చూపి ఇంకొకటని నమ్మించే తెలివి ఆగయ్యకు లేదు, ఉన్నా వాడుకునేవాడు కాదు. ఉత్తచేతులతో వచ్చాడు. ఇక మిగిలింది ఒక్కటే, ఆ రంగు కొమ్మ ఎవరింట్లో ఉన్నా అడిగి తెచ్చుకోవడం. యమున వచ్చేలోపు కొమ్మ వేరు పట్టి రెండాకులు వేసినా చాలు, కనీసం చెట్టు పూర్తిగా పోలేదని చూపించవచ్చు. ఇరవై రోజులే చేతిలో ఉన్నాయి.

చాల్‌లో చివరి గది రామవ్వది. గది వెనక బోర్లించిన ఇనుప గమేలా పక్కన, పాత నూనె డబ్బాలో, సాక్షాత్తు అదే రంగు కనకాంబరం నిలువెల్లా పూసి ఉంది. ఆగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"చెల్లె, ఒక్క కొమ్మ ఇయ్యరాదు, నీ పుణ్యముంటది."

పళ్ళకు మిసిరి రుద్దుకుంటున్న రామవ్వ ఉమ్మేసి, ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఏం కొమ్మనే అన్నా?"

"గదే, కనకాంబరం."

"మా ఇంట్ల కనకాంబరం ఏడిది?"

"అగో, కనవడ్తలేదా?"

"అదా? అది ఏదో పిచ్చిచెట్టు." కళ్ళ ముందు ముప్పై పూలు పూసిన చెట్టును పట్టుకుని ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో చూడండి. మిగతా ఇళ్ళలోనూ అంతే, ఒకామె నవ్వింది, ఒకామె తలుపు దగ్గరగా వేసుకుంది. అన్నం గిన్నె ఎత్తి ఇచ్చే మనుషులు ఒక్క కొమ్మకు ఇంత పిసినారులయ్యారేమని ఆయన మనసు చివుక్కుమంది.

మర్నాడు సాయంత్రం నల్లా నీళ్ళు వచ్చే వేళకు రామవ్వ బిందె చంకనెత్తుకుని ఆయన గుమ్మం ముందు ఆగింది. ఆయనది రాత్రి పాళీ వారం, ఇంట్లోనే ఉన్నాడు.

"అన్నా, నేను నల్లా కాడికి పోతున్న. గంటదాక రాను. మా ఇంటెన్క ఎవరు లేరు. తలుపు గూడ పెట్టలే" అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

తలుపు పెట్టకుండా పోయిందంటే తనను నమ్మి పోయిందని ఆగయ్య అర్థం చేసుకున్నాడు. పోయి ఆమె ఇంటి వెనక పీట వేసుకుని గంటసేపు కాపలా కాశాడు. రెండు పిల్లులను తరిమాడు. రామవ్వ నీళ్ళతో వచ్చి, చెట్టును చూసింది, పీట మీద ఆయన్ను చూసింది.

"ఏం పోలే చెల్లె, అన్ని పైలంగున్నయి" అన్నాడు ఆగయ్య.

రామవ్వ బిందెతో లోపలికి పోయింది. రెండో రోజూ అదే మాట చెప్పి పోయింది, ఈయన మళ్ళీ పీట వేసుకున్నాడు. మూడో రోజు ఆమె పోతూ పోతూ బిందెతో మాట్లాడింది. "ముదురు కొమ్మ ఏరు పట్టది, లేతది కుళ్ళిపోతది. నడిమి కొమ్మ, నాలుగు వేళ్ళంత, గనుపు కింద విరవాలె. ఇసుకల గుచ్చి నీడకు పెట్టాలె. ఎవనికి చెప్పుకుందునే బిందె, ఎవనికి సమజయితది!" బిందెతో మాట్లాడుతోందంటే ఆడమనిషికి ఏదో కష్టం వచ్చి ఉంటుందని ఆగయ్య జాలిపడ్డాడు.

ఆ సంగతి పర్శరాములుకు చెబితే వాడు నవ్వలేక కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"బావా, కనకాంబరం కొమ్మ ఈ చాల్ల ఎవ్వరు చేతితోని ఇయ్యరు. ఇస్తే బతకదు. అడిగి తెచ్చింది అలుగుతది, దొంగిలించింది దుంకుతది అంటరు ఆడోళ్ళు. రామవ్వ చెట్టు ఏడికెల్లి వచ్చిందనుకున్నవ్? మా అక్క చెట్టుదే. అక్క పనికి పోయినప్పుడు విరుచుకపోయింది. అందరు గట్లనే విరిచిండ్రు. అక్కకు గూడ ఎరుకే."

"ఎరుకైతె ఎందుకు ఊకున్నది?"

"ఊకుండకపోతె వాళ్ళ చెట్లు ఎట్ల బతుకుతయే?"

అంటే దొంగతనం చేయాలి. వేరే దారి లేదు. దారప్పోగు వెనక్కిచ్చే మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. రెండు రోజులు వాయిదా వేశాడు. అవతల రోజులు కరుగుతున్నాయి. మూడో రోజు రామవ్వ బిందెతో పోతూ ఆయన వైపు చూసి, ఈసారి ఏమీ అనకుండా నిట్టూర్చింది. ఆగయ్య లేచాడు. పీట తీసుకోలేదు. పట్టపగలు నాలుగు గంటలకు, నలుగురికీ తెలిసిన చెట్టు దగ్గరికి ఎదురుగోడకు ఆనుకుంటూ పోయాడు. తెగిన దారాన్ని మగ్గం ఆపకుండా ముడివేసే చేతులవి, ఒక్క కొమ్మను విరవలేక చెమటపట్టాయి. నడిమి కొమ్మ, గనుపు కింద, పుటుక్కుమంది. ఆ చప్పుడు చాల్ అంతా విన్నదనిపించింది. కొమ్మను చొక్కాలో దాచుకుని పరుగెత్తాడు. పరుగెత్తితేనే అందరూ చూస్తారన్న ఇంగితం కూడా లేదు. నిజమైన దొంగలు ఆయన్ను చూస్తే సిగ్గుతో చచ్చేవారు.

డాల్డా డబ్బాలో ఇసుక పోసి గుచ్చాడు. నీళ్ళు చేత్తో చిలకరించాడు, గంజి మాట తలవలేదు. కింది ఆకులు పండి రాలాయి. ఒక్కొక్కటి రాలినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం అని చాల్ ఆడవాళ్ళు తరవాత చెప్పుకున్నారు. పదో రోజున కొసన గోరంత పచ్చగా పొడిచింది. యమున పోయిన నలభై ఒకటో రోజుకు అవి రెండాకులయ్యాయి. ఆ పొద్దుటే యమునాబాయి ఆటో దిగింది.

సంచి దించకముందే ఆమె కళ్ళు గోడవైపు పోయాయి. డ్రమ్ము కడిగి బోర్లించి ఉంది. పక్కన డాల్డా డబ్బా.

పాళీలో మగ్గాల ముందు నిలబడి వారం రోజులు సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఆగయ్యకు ఆ క్షణాన ఎగిరిపోయాయి. "గంజి పోసిన" అన్నాడు. "సైజింగ్ గంజి. మైలుతుత్తం ఉంటదని ఎరుక లేదు. నేనే సంపిన. ఫోన్ల అబద్ధం చెప్పిన."

ఆమె సంచి కింద పెట్టి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది చెట్టు కోసం ఏడుపే, అందులో వేరే అర్థాలు వెతకక్కర్లేదు. ఆగయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ వెనక మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"నీళ్ళు పొయ్యమన్న గద" అంది చివరికి.

"పోసిన. నీళ్ళు సాలవనిపించింది."

"ఎందుకు సాలయి? ఇన్నేండ్లు నేను పోసింది నీళ్ళు కాదా?"

"నువ్వు బస్సు దిగంగనె చెట్టు చూసి, అబ్బ, ఎంత పూసిందే అనాలె అనుకున్న. నీకు నేను ఎన్నడు ఏం చేసిన గనుక. గిదన్న చేద్దామనుకున్న."

యమునాబాయి ముఖం తుడుచుకుంది. డాల్డా డబ్బా ఎత్తి ఒళ్ళో పెట్టుకుని రెండాకులను దగ్గరగా చూసింది. "గిదేడిది?"

ఆయన ఆమె సంచి ఎత్తి గుమ్మంలో పెట్టాడు.

"ఎవరిచ్చిండ్రు?"

"ఎవ్వరు ఇయ్యలే."

ఆమె తలెత్తింది. ఆగయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు అర్థమైంది. "నువ్వా?" అంది. "నువ్వు దొంగతనం చేసినవా?"

"ఇజ్జత్ పోయిందే యమునా. రామవ్వకు ముఖం చూపియ్యలేకపోతున్న. పోయి చెప్తెనే నాకు నిద్ర పడ్తది."

"చెప్పకు. చెప్పినవంటె ఇది గూడ పోతది" అంది యమునాబాయి గాభరాగా, డబ్బాను రెండు చేతులా పట్టుకుని. ఆ పైన ఆయన్ను తేరిపార చూసింది. పాళీ వేళలు అడ్డంపడని తీరికతో, పొద్దుటి ఎండలో, మొగుణ్ణి అట్లా చూసి ఎన్నేళ్ళైందో ఆమెకే తెలియదు. నెత్తిన దూదినూగు, గోళ్ళలో ఇసుక.

"నీళ్ళు పోసి ఊకుండేటోనివైతె నా చెట్టు బతుకుతుండె" అంది నెమ్మదిగా.

ఆగయ్య తల ఇంకా వంచాడు.

"గసొంటోనితోని నేను ఇన్నేండ్లు ఉండకపోతుంటి."

ఆయనకు ఆ మాట అందడానికి కాస్త సమయం పట్టింది. అందేసరికి ఆమె డబ్బా పట్టుకుని లేచింది, సందులో అటూ ఇటూ చూసి, గోడ నీడ పడేచోట దింపింది. "ఎండల వెట్టినవ్. జర ఇటు జరుగు, నీడల అడ్డం నిలవడకు" అంది.